పగె అనే మాటకు నేనిచ్చిన సాక్ష్యం

ఒక మాట బరువు కొన్నేళ్లుగా మోస్తున్నాను. మాట అంటే ఎవరికో ఇచ్చిన మాట కాదు, ఉత్త పదం. రెండక్షరాలు. పగె. మీరు నిఘంటువు తీయనక్కరలేదు, నేను తీయని నిఘంటువు లేదు. ఆ మాటకు నేనొక అర్థం చెప్పాను. అది అచ్చులోకి వెళ్లింది. దానివల్ల ఒకామెకు అన్యాయం జరిగింది. అబద్ధం చెప్పావా అని మీరు సూటిగా అడిగితే, అవునని చెప్పేలోపే నా నోరు ఆగిపోతుంది. కాదని చెప్పే ధైర్యం అసలే లేదు. ఈ రెంటి మధ్య నలిగి నలిగి, ఇక నా వల్ల కాక మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. ఆ మాత్రం చాటు లేకపోతే ఈ పాటి కూడా రాయలేను.

నేను వికారాబాద్‌లో ఒక బడిలో తెలుగు చెబుతాను. పద్యం చదివి, ఇందులో ఈ మాట చూడండిరా ఎంత బాగుందో అంటే, పరీక్షకు వస్తుందా సార్ అని అడిగే పిల్లల మధ్య నా ఉద్యోగం గడిచింది. వాళ్లను తప్పుపట్టను. కానీ మాటల గురించి మాట్లాడుకునే మనిషి లేక నాకు గొంతు ఎండిపోయేది. అలాంటప్పుడు చదువుకునే రోజుల నాటి స్నేహితుడొకడు నన్ను ఫోన్లో ఒక సమూహంలో చేర్చాడు. పాత తాళపత్రాలు చదివే సమూహం. వారమంతా ఒక ఆకు ఫొటోలు పంపుతారు. అందరూ చూసి, అక్షరాలు విడదీసి, తోచింది రాస్తారు. ఆదివారం పొద్దున తెర మీద కలుసుకుని ఆ ఆకు సంగతి తేలుస్తారు. రకరకాల ఊళ్లవాళ్లు. పేర్లకంటే ఊళ్లతోనే పిలుచుకునేవాళ్లం. నేను వికారాబాద్ సార్‌ని.

చేరిన కొత్తలో నా సంతోషం అంతా ఇంతా కాదు. తరువాత అది మెల్లగా చప్పబడింది. నేనేం రాసినా ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. ఒకసారి ఒక మాట మీద చాలా శ్రమపడి పెద్ద వ్యాఖ్య రాస్తే, అందులో నేను ళ బదులు ల రాశానని ఒకాయన సవరించాడు. అంతే, ఇంకెవరూ ఏమీ అనలేదు. ఆ రోజంతా నాకు అన్నం సహించలేదు. ఇంత వయసొచ్చి ఇదేం ఉక్రోషం అని నన్ను నేనే తిట్టుకున్నాను. తిట్టుకుంటే తగ్గే రకం కాదది.

సమూహంలో మా జిల్లావాళ్లు ఇంకొకరే ఉండేవారు. ఆమెను తాండూరు మేడం అనేవాళ్లం. హిందీ టీచరుగా చేసి రిటైరైంది. ఇంట్లో కన్నడం, వీధిలో తెలుగు, బజారులో ఉర్దూ. రాసేది తక్కువ. రాస్తే మాత్రం అందరూ ఆగి చదివేవారు, బాగా చెప్పారమ్మా అనేవారు. మాది ఒకే జిల్లా కదా, నేను సంతోషించాలి. సంతోషించలేదు. ఈర్ష్యపడ్డాను. ఈ మాట ఇంత తేలిగ్గా రాస్తున్నాను గానీ, అప్పుడు దానికి ఈ పేరు పెట్టుకోలేదు. ఇంట్లో కన్నడం మాట్లాడే ఆమెకు తెలుగు ప్రతితో ఏం పని అనుకున్నాను. అది పాండిత్యం అనుకున్నాను.

సమూహం నడిపే పెద్దాయన ఒక నియమం పెట్టారు. దాన్ని వాడుక సాక్ష్యం అనేవారు. ఏదైనా మాటకు అర్థం తేలకపోతే నిఘంటువు చెప్పింది ఒక పక్కన ఉంచి, ఆ ప్రాంతం మనిషిని అడిగేవారు. నిఘంటువు రాసినవాడు అన్ని ఊళ్లూ తిరగలేదు కదండీ అనేవారు. ఎవరైనా మా దిక్కు ఈ మాట ఉంది, మా ఇంట్లో పెద్దవాళ్లు అనేవారు అంటే, ఇక దాని మీద వాదం ఉండదు. అదే ఖాయం. మంచి నియమమే. ఇప్పటికీ మంచిదే అంటాను. ఇంటి పెద్దల మాట విషయంలో మనిషి అబద్ధం చెప్పడనే నమ్మకం మీద అది నిలబడింది. ఆ నమ్మకం పెద్దాయన తప్పా? కాదు. మరి ఎవరిది? నాదే కదా. అయినా ఒక్కోసారి ఆయన మీదే కోపం వస్తుంది, ఎందుకో నాకే తెలియదు.

ఒక వారం తాండూరు పక్క పల్లె చరిత్ర రాసిన ఆకు వచ్చింది. పాత రాతలో మాటకూ మాటకూ మధ్య ఎడం ఉండదు, అక్షరాలన్నీ ఒకే వరుస. కరువు వచ్చిన ఏడాది గురించిన చోట ఇలా ఉంది: పెద్దగౌడు పగె తెరచె, ముగ్గురు పడిరి, ఊరు నిలిచె. అంతే. పెద్దగౌడంటే ఊరి పెద్ద. పడిరి, నిలిచె అన్నవి తెలిసినవే. పగె అంటే పగ అనే అందరం అనుకున్నాం. ఊరి పెద్ద ఎవరితోనో పగ పెంచుకున్నాడు, కొట్లాటలో ముగ్గురు చచ్చారు, ఊరు అతని పక్కన నిలబడింది. కానీ పగను తెరవడం ఏమిటి? పగ సాధిస్తారు, తీర్చుకుంటారు, మానుకుంటారు. తెరవరు. అక్కడ అందరూ ఆగిపోయారు.

అప్పుడు తాండూరు మేడం నోరు విప్పింది. "మా ఇంట్ల హగే అంటరు సార్. మీ తెలుగుల పాతర. గింజలు పోసి మూసిపెట్టే గొయ్యి. పాత కన్నడంల ప అన్నది ఇప్పుడు హ అయితది గద, పాలు హాలు అయినట్టు. గట్ల పగె హగే అయింది. కరువుల గౌడు పాతర తెరిసిండు. మూత తీసినంక జర ఆగాలె, లోపల చెడ్డ గాలి ఉంటది. ఆకలికి ఆగలేక దిగిన ముగ్గురు పడిపోయిండ్రు. మిగిలిన ఊరు బతికింది." ఆమె చెప్పింది అంతే.

నిజం చెబుతున్నాను, ఆ క్షణాన ఆమె చెప్పిందే సరి అని నాకు అనిపించింది. ఆ తరువాత ఎన్ని అనుమానాలు వచ్చినా ఆ మొదటి క్షణం మాత్రం నాకు గుర్తుంది. పెద్దాయన, బాగుందమ్మా, కానీ ఇది కన్నడ వాడుక, తెలుగు ప్రతిలో పగె తెరచు అనేదానికి తెలుగు వాడుక ఏమైనా ఉందా, వికారాబాద్ వారు చెప్పాలి, అన్నారు. నేను మైకు తెరవగానే తెరలో నా పేరు మీద పచ్చ గీత వెలిగింది. అందరి ముఖాలూ నా కోసం ఆగాయి. అన్నాళ్లలో మొదటిసారి.

నేను వినలేదండీ అంటే సరిపోయేది. అంత చిన్న మాట. అది నా నోటికి వచ్చింది కూడా. కానీ అది అంటే మళ్లీ నేను ఎవరికీ అక్కరలేని మనిషినవుతాను. ఆ భయమో, ఆమె మీద కడుపుమంటో, లేక రెండూ కలిసో, ఇప్పుడు విడదీయలేను. ఉందండీ, అన్నాను. మా దిక్కు పగ తెరుచుడు అంటారు, పాత గొడవ మళ్లీ బయటికి తీయడం, మా నాయనమ్మ అనేది, అన్నాను. అనేశాక నాకే ఎంత సహజంగా అనిపించిందంటే, ఎక్కడో విన్నానేమో అని ఆ నిమిషంలోనే అనుమానం వచ్చింది. విన్నానా? ఆ మాట ఎక్కడి నుంచి ఊడిపడింది? ఏమీ లేని చోట నుంచి మాట పుడుతుందా? ఈ ప్రశ్న అప్పటి నుంచి నన్ను వదల్లేదు.

పెద్దాయన ముఖం వెలిగిపోయింది. ఇదీ మనకు కావలసింది అన్నారు. మిగతావాళ్లు నమస్కారాలు పెట్టారు. తాండూరు మేడం మాత్రం, సార్ ఇంట్ల విన్నరు కదా, సరే, అంది.

అక్కడితో ఆగి ఉంటే నా తప్పు చిన్నదే అని సర్ది చెప్పుకునేవాణ్ణేమో. మాట తూలింది, సవరించుకునే లోపే జరిగిపోయింది అని. కానీ ఆగలేదు. కొన్ని వారాల తరువాత మా ఇంటి ముందు పరిపించడానికి బండలు చూద్దామని తాండూరు వెళ్లాను. ఆ సంగతి సమూహంలో ఊరికే రాస్తే ఆమె ఫోన్ చేసి ఇంటికి పిలిచింది. ఎందుకు వెళ్లానో తెలియదు. గెలిచినవాడి దర్జాతో వెళ్లానా, పట్టుబడిపోతానేమోనని చూడడానికి వెళ్లానా? పాలిష్ మిషన్ల రొద వీధి చివరిదాకా వినిపిస్తోంది. గడప మీద తెల్లటి రాతి దుమ్ము. లోపల వసారాలో మంచం మీద ఆమె తండ్రి. బాగా ముసలాయన. చెవులు సరిగా వినిపించవు. నన్ను చూసి చెయ్యెత్తాడు.

ఆమె చాయ్ తెచ్చి ఎదురుగా కూర్చుంది. ఆ రోజు మా ఇద్దరి మధ్య నడిచిన ప్రతి మాటా నాకు గుర్తుంది.

"సార్, ఒకటి అడుగుత, ఏమనుకోకుండ్రి. ఆ ఊరు మాదే. ఆ పెద్దగౌడు మా ముత్తాతల ముత్తాత అంటరు మా నాయన."

"మరి సమూహంలో చెప్పలేదేంది మేడం?"

"సొంతింటి సంగతి గద. చెప్తే దాని కోసమే ఆ అర్థం చెప్తున్న అనుకుంటరు. అందుకే ఊకున్న." చాయ్ కప్పు పక్కన పెట్టింది. "మావోళ్లు మమ్ముల హగేదోరు అంటరు. తెలుగోళ్ల నోట్ల అది పగోళ్లు అయింది. చిన్నప్పుడు బడిల, పగోళ్ల పిల్ల వచ్చింది జరుగుండ్రి అనేటోళ్లు. మా నాయనను గట్లనే అన్నరు, మా తాతను గట్లనే. హగే అంటే గింజల గొయ్యి బిడ్డా అని మా నాయన చెప్తుండె. కానీ ఎవ్వలు నమ్మలే. ఆ ఆకు చూసి నాకు మస్తు సంబురమైంది. రాతల దొరికింది అని నాయనకు చెప్పిన. రోజూ అడుగుతుండు, మీవోళ్లు తేల్చిండ్రా అని."

నేను కప్పులోకి చూస్తూ కూర్చున్నాను.

"అందుకే మీ ముందట కూసొని అడుగుతున్న. మీ నాయినమ్మ నిజంగనే గట్ల అనేదా?"

"అనేది మేడం. చాలాసార్లు విన్న."

"ఆమెది ఏ ఊరు?"

"బంట్వారం దిక్కు."

"ఎట్లుండెటిదామె?"

"పొట్టిగ ఉండె. గొంతు జర గట్టిది. కోపమొస్తే గీ మాటే అనేది."

ఆమె చాలాసేపు నా ముఖం చూసింది. అనుమానంతో కాదు. అదైతే బాగుండేది. "గట్లయితే నాదే తప్పు సార్. ఇంటి పెద్దమనిషి నోటి మాట ఎట్ల కాదంటం" అని లేచి, తండ్రి చెవి దగ్గర వంగి గట్టిగా చెప్పింది. "అప్పా, కాళిన హగే అల్లంతె. జగళంతె." నాకు కన్నడం రాదు. కానీ గింజల గొయ్యి కాదట, జగడమట అని చెబుతోందని అర్థమవడానికి పాండిత్యం అక్కరలేదు. ముసలాయన ఆమెను చూశాడు, నన్ను చూశాడు. "ఇర్లి బిడు" అన్నాడు. ఉండనీ, వదిలెయ్ అని ఆమే నాకు తెలుగులో చెప్పింది. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నేను బండలు చూడకుండానే స్టేషన్‌కు వచ్చేశాను.

మీరు అడగకముందే చెబుతాను. ఆ మంచం పక్కన నిలబడి ఆ మాట వెనక్కి తీసుకోగలిగేవాణ్ణి. నాకేం అడ్డం వచ్చింది? సిగ్గు. అంతే, ఇంకేం కాదు. మొదటిసారి నోరు జారిందనుకుంటే, రెండోసారి తెలిసి చెప్పాను. ఎవరికి ఏం పోతుందో విని, విన్న తరువాత చెప్పాను. పైగా మనిషిని కల్పించి, ఎత్తూ గొంతూ పెట్టి చెప్పాను.

ఆమె ఆ నెలలోనే సమూహం నుంచి వెళ్లిపోయింది. ఇంట్లో పని ఎక్కువైందని రాసింది. ఆ ఎండాకాలం ఆమె తండ్రి పోయినట్టు ఎవరో సమూహంలో పెట్టారు. అందరూ నివాళి రాశారు. నేనూ రాశాను. నా చేతులకు అది ఎలా రాయబుద్ధయిందో. తరువాత ఆ ఆకులన్నీ కలిపి చిన్న పుస్తకం వేశారు. అందులో పెద్దగౌడు పగ సాధించాడు, ముగ్గురు హతులయ్యారు. కింద చిన్న అక్షరాలతో, వికారాబాద్ ప్రాంతపు వాడుక అని నా సాక్ష్యం. ఒకరెవరో దాన్ని పట్టుకుని ఆ కాలంలో ఊరి పెద్దల దౌర్జన్యాల మీద వ్యాసం కూడా చదివారు. ఆమె చెప్పినట్టే అయి ఉంటే, తన గింజలు ఊరికి పెట్టిన మనిషిని నేను హంతకుణ్ణి చేశాను. ఆయన కోసం అడిగేవాళ్లు ఎవరున్నారు? ఒక్క ఆమె అడిగింది. ఆమెనూ నేనే నోరు మూయించాను.

ఇక్కడే నా తల పనిచేయడం మానేసింది. నిరుడు బంట్వారంలో మా మేనత్త ఇంటికి పోయాను. పక్కింటి అన్నదమ్ముల పొలం తగాదా గురించి చెబుతూ ఆమె, "గా ఇద్దరు మల్ల పగ తెరిసిండ్రు" అంది. నా చేతిలోని మంచినీళ్లు కింద పెట్టేశాను. ఆ మాట నీకెక్కడిది అత్తా అన్నాను. మా అమ్మ అంటుండె గదరా అంది. ఆమె అమ్మంటే మా నాయనమ్మే. అంటే ఉందా? నేను కల్పించిన మాట అంతకుముందే ఉందా? ఎగిరి గంతేయాలనిపించింది. అంతలోనే గుర్తొచ్చింది. పుస్తకం వచ్చిన కొత్తలో మా వాళ్ల పెళ్లిలో, మా నాయనమ్మ మాట పుస్తకంలోకి ఎక్కింది అని నేను అందరి ముందూ గొప్పలు పోయాను. ఆ భోజనాల పంక్తిలో అత్త కూడా ఉంది. గట్టిగా అడిగితే విసుక్కుంది. "నువ్వే అంటివి గద పెండ్లిల. మా అమ్మ అంటుండొచ్చు. నాకెర్కనా, ఎన్నేండ్లాయె."

అత్త తన తల్లి నోట విన్నదా, నా నోట విన్నదా? ఆమెకే తెలియదు. ఇక నాకెలా తెలుస్తుంది? తరువాత ఇంకా ఒకరిద్దరిని కదిలించాను. ప్రశ్న అడిగితేనే మాట నేర్పినట్టవుతోంది. అవును, విన్నట్టే ఉంది అంటారు. నన్ను సంతోషపెట్టడానికి అంటారో, నిజంగానే విన్నారో. ఆ నేల మీద ఇప్పుడా మాట ఉంది. దాన్ని నేను నాటానో, అది అక్కడ ముందే ఉందో, చెప్పగలిగే మనిషి లేడు. ఒకవేళ ఉందే అనుకోండి. అప్పుడు నేను చెప్పింది నిజమవుతుందా? అబద్ధమని తెలిసి చెప్పింది పొరపాటున నిజమైతే దాన్నేమంటారు? ఆమె తండ్రి గోడ వైపు తిరిగాడే, అది న్యాయమైపోతుందా? ఒక రోజు నేను దోషిని. ఇంకో రోజు అదృష్టవంతుణ్ణి. మరో రోజు ఉత్త మూర్ఖుణ్ణి. ఏ రోజు ఏదో పొద్దున లేచేదాకా తెలియదు.

ఆమె నంబరు నా ఫోన్లో ఉంది. చాలాసార్లు రాశాను, చెరిపాను. ఏమని రాయాలి? నేను చెప్పింది అబద్ధం మేడం అని రాస్తే, అయితే హగేనా సార్ అని అడుగుతుంది. ఏమో, మా అత్త ఇలా అంటోంది అనాలి. అది క్షమాపణా, మళ్లీ వాదమా? పైగా ఆమె క్షమిస్తుందని నాకు భయం. నాదే తప్పు అన్న మనిషి కదా, సరే సార్ అంటుంది. ఆ సరే నాకు వద్దు. వద్దనడానికి నేనెవరిని, అది కూడా తెలియడం లేదు.

ఇంతసేపూ మీకు చెబుతూ కూడా నేను ఒక సంగతి చుట్టూ తిరుగుతున్నాను. నాకు ఏదీ తేలడం లేదు అన్నాను. అది పూర్తిగా నిజం కాదు. పగె అంటే పాతరో పగో నాకు తెలియదు. మా దిక్కు ఆ మాట ఉందో లేదో తెలియదు. కానీ ఒకటి తెలుసు. మొదటి రోజు నుంచీ తెలుసు. అత్త ఏమన్నా, ఏ నిఘంటువులో ఏమున్నా అది మారదు. మా నాయనమ్మ ఆ మాట అని ఉండవచ్చు. నేను మాత్రం వినలేదు. ఆమె పొట్టో పొడుగో నాకు తెలియదు. నేను పుట్టక ముందే ఆమె పోయింది.

చెప్పేశాను. మోస్తున్న బరువు కొంచెం దిగింది. ఈ మాట మొదట వినవలసింది తాండూరులో ఉన్న ఆమె. మీకు చెప్పాను.